పెరటి తోట ప్రశ్నలు–జవాబులు: రాస్ప్‌బెర్రీ గడల కత్తిరింపు

ఈ శీతాకాలంలో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రాస్ప్‌బెర్రీ గురించే ఉన్నాయి. అమెరికాలోనూ స్కాట్లండ్‌లోనూ స్థిరపడిన మన కుటుంబాలు కొనుక్కున్న ఇళ్ళలో, కంచె వెంట, పాత యజమానులు నాటి వెళ్ళిన ముళ్ళ దుబ్బులు తరచుగా కనిపిస్తాయి. వాటిని ఎప్పుడు కోయాలి, ఎంత కోయాలి, అసలు కోయాలా వద్దా అన్నదే దాదాపు అందరి సందేహం. కత్తిరింపుకు ఫిబ్రవరి, మార్చి నెలలు అనువైనవి కనుక ఈ సంచికలో శీర్షికను పూర్తిగా ఈ మొక్కకే కేటాయిస్తున్నాను. నేలలోంచి నిలువుగా లేచే దీని కాండాన్ని ఇంగ్లీషులో కేన్ అంటారు. ఈ జవాబులలో దానిని గడ అంటున్నాను. చెరకు గడను ఎరిగినవారికి ఆ మాట చాలు.

ప్రశ్న: సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న ఒక ఊరిలో రెండేళ్ళ క్రితం ఇల్లు కొన్నాము. పెరట్లో ముందే ఉన్న రాస్ప్‌బెర్రీ వరుస మొదటి జూలైలో గిన్నెల కొద్దీ పండ్లు ఇచ్చింది. ఆ డిసెంబరులో తెనాలి నుంచి వచ్చిన మా మామగారు దుబ్బులు చిందరవందరగా ఉన్నాయని, మల్లెకు చేసినట్టే గట్టిగా కత్తిరించి, చివరికి నేలమట్టం చేశారు. గత వేసవిలో ఆరడుగుల ఎత్తు పెరిగాయి కాని ఒక్క పండూ కాయలేదు. మొక్కలు పాడైపోయాయా? తీసివేసి కొత్తవి నాటాలా?

జవాబు: మొక్కలు పాడు కాలేదు, దయచేసి తవ్వి తీసివేయకండి. మీరు పోగొట్టుకున్నది ఒక్క ఏడాది కాపు మాత్రమే. మీ మామగారికి తెలిసిన పద్ధతి మల్లెకు సరైనదే. కత్తిరించిన తరువాత వచ్చే లేత చిగుళ్ళ మీదనే మల్లె పూస్తుంది కనుక, గట్టిగా కత్తిరించిన దుబ్బే విరగబూస్తుంది. మీ పెరట్లోని రాస్ప్‌బెర్రీ స్వభావం అది కాదు.

ఈ మొక్కను అర్థం చేసుకోవడానికి మల్లె కంటె అరటి దగ్గరి పోలిక. అరటి దుంప నేలలో ఏళ్ళ తరబడి ఉంటుంది, కాని ఒకసారి గెల వేసిన చెట్టు మళ్ళీ గెల వేయదు. దానిని నరికి, పక్కన లేచిన పిలకను పెంచుకుంటాము. రాస్ప్‌బెర్రీ కూడా అంతే. దాని వేళ్ళూ మొదలూ బాగా చూసుకుంటే పదేళ్ళకు పైగా నిలుస్తాయి, నేల మీది గడ ఆయుష్షు మాత్రం రెండేళ్ళే. వసంతంలో లేచిన గడ మొదటి ఏడాదంతా ఆకులతో ఎత్తుగా పెరుగుతుంది. పగటి పొద్దు తగ్గి చలి మొదలయ్యే రోజులలో దాని కన్నులలో పూమొగ్గలు రూపు కడతాయి. శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోయి, రెండవ ఏడాది ఆ కన్నుల నుంచి పక్క రెమ్మలు తొడిగి, పూసి, కాచి, వేసవి ముగిసేసరికి మొదలంటా ఎండిపోతుంది. అది కాస్తున్న సమయంలోనే దాని పక్కన మరుసటి ఏడాదికి కావలసిన కొత్త గడలు లేస్తూ ఉంటాయి. కాబట్టి వేసవిలో మీ దుబ్బును ఎప్పుడు చూసినా రెండు వయసుల గడలు కలిసి ఉంటాయి. ఆ డిసెంబరులో కాచి ముగిసిన గడలతో పాటు, జూలైలో కాయడానికి పూమొగ్గలు నింపుకొని నిలిచి ఉన్న గడలు కూడా కత్తెరకు బలి అయ్యాయి. గత వేసవిలో మీరు చూసిన ఆరడుగుల గడలన్నీ మొదటి ఏటివి. ఈ జూలైలో కాచేవి అవే కనుక వాటిని ఈ శీతాకాలం కాపాడుకోవడమే మీరు చేయవలసిన పని.

ఈ ఏడాది మీ వరుసలో పాత గడలు లేవు కనుక పని సులభం. ఫిబ్రవరి చివరలో, కన్నులు ఉబ్బక ముందు, వరుస ముందు నిలబడి ఒక్కొక్క అడుగు పొడవునూ విడిగా చూడండి. పెన్సిలు కంటె సన్నగా ఉన్నవీ, విరిగినవీ, మచ్చలు పడినవీ, వరుసకు దూరంగా లేచినవీ నేలమట్టానికి కోసివేసి, అడుగుకు మూడు నాలుగు బలమైన గడలను మాత్రమే మిగల్చండి. మిగిల్చిన వాటిని వరుస వెంట రాటలకు లాగిన లోహపు తీగకు కట్టి, కొసను మాత్రమే తుంచండి. గడ పొడవులో నాలుగవ వంతుకు మించి ఎప్పుడూ కోయకూడదు, ఎందుకంటే మంచి పండ్లు కాచే కన్నులు గడ పై సగంలో ఎక్కువగా ఉంటాయి. ఎత్తు సమానంగా కనిపించాలన్న కోరికతో నడుము ఎత్తుకు కోసేవారిని చూశాను. వారు కాపులో పెద్ద భాగాన్ని తమ చేతులతోనే తీసివేస్తున్నారు.

ఆగస్టులో కాపు ముగిసిన తరువాత రెండవ పని ఉంటుంది. అప్పుడు కాచిన గడలను గుర్తుపట్టి నేలమట్టానికి కోయాలి. గుర్తులు స్పష్టంగానే ఉంటాయి: పాత గడ బెరడు బూడిద రంగుకు తిరిగి పొరలు పొరలుగా లేచి ఉంటుంది, పక్క రెమ్మల చివర పండు ఊడిన తెల్లని మొనలు ఎండి నిలిచి ఉంటాయి, కొత్త గడ పచ్చగా లేదా ఎర్రటి ఛాయతో నున్నగా ఉండి, పెద్ద ఆకులతో ఉంటుంది. మొదటి రెండేళ్ళు సందేహం ఉంటే, జూన్‌లో కాపు మీద ఉన్నప్పుడే పాత గడలకు రంగు దారం కట్టి ఉంచండి. కాచిన గడను వెంటనే కోయాలా, శీతాకాలం దాకా ఉంచవచ్చునా అన్న దాని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఎండుతున్న గడలోని పిండిపదార్థం కొంత వేళ్ళకు చేరుతుందని కొందరు ఆగమంటారు. చలి తీవ్రంగా ఉండి గాలి పొడిగా ఉండే చోట ఆ మాట వినవచ్చు. మీ ప్రాంతంలో ఆకురాలు కాలం నుంచి వానలు విడువవు, గుబురుగా ఉన్న దుబ్బులో తెగుళ్ళు పాత గడల నుంచి కొత్తవాటికి పాకుతాయి. అందుచేత మీరు ఆగస్టులోనే కోయడం మంచిదని నా అభిప్రాయం.

మీరు నివసించేది ఈ పండుకు పేరుపడిన నేల. మీకు ఇంకా ఉత్తరాన, కెనడా సరిహద్దులోని వాట్‌కమ్ కౌంటీలో, లిండెన్ పట్టణం చుట్టుపక్కల, అమెరికాలో గడ్డకట్టించి నిల్వ చేసే ఎర్ర రాస్ప్‌బెర్రీలో అధిక భాగం పండుతుంది. అక్కడి తోటలలో విస్తారంగా పెంచిన మీకర్ అనే రకాన్ని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ 1967లో విడుదల చేసింది. మామగారు మళ్ళీ వచ్చినప్పుడు ఒకసారి తీసుకువెళ్ళండి. పొడవైన గడలను కొస తుంచి పారవేయకుండా గుత్తులుగా చేసి, పైతీగ మీదుగా విల్లులా వంచి కట్టే పద్ధతిని అక్కడ చూస్తే, వ్యవసాయం తెలిసిన మనిషి కనుక ఎంతో సంతోషిస్తారు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాము. మాది హెరిటేజ్ అనే రకం. ఆగస్టు చివర నుంచి మంచు పడేదాకా కొసలలో కాచింది. కాచిన గడ చచ్చిపోతుందని చదివాము, కాని మా గడలు కింది భాగంలో పచ్చగానే ఉన్నాయి. ఏది కోయాలో తెలియడం లేదు.

జవాబు: మీది ఆకురాలు కాలంలో కాచే రకం. మీ పొరుగు రాష్ట్రమైన న్యూయార్క్‌లోని జెనీవా పరిశోధన కేంద్రం 1969లో దీనిని విడుదల చేసింది. కారొలీన్, ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ నుంచి వచ్చిన ఆటమ్ బ్లిస్, పసుపు పండ్ల ఆన్ కూడా ఈ జాతివే. వీటిలో గడ రెండవ ఏడాది దాకా ఆగకుండా, లేచిన ఏడాదే కొసన పూసి కాస్తుంది. కాచిన కొస వరకే ఎండుతుంది. దాని కింద ఉన్న కన్నులు బ్రతికే ఉండి, మరుసటి జూన్‌లో ఇంకొక చిన్న కాపు ఇస్తాయి, ఆ తరువాతనే గడ పూర్తిగా చనిపోతుంది. మీరు చూసిన పచ్చదనానికి కారణం అదే.

అందువలన మీ ముందు రెండు దారులు ఉన్నాయి. మొదటిది, శీతాకాలం చివరలో వరుస మొత్తాన్ని నేలమట్టానికి కోసివేయడం. చెరకు కొట్టిన తరువాత కార్శి తోటలో మోళ్ళను నేలకు చెక్కి, కింది నుంచి బలమైన పిలకలను లేపడం మన రైతులకు తెలిసిన పనే, ఇదీ అటువంటిదే. పై ఉత్తరంలోని మామగారు ఇదే కోత మీ పెరట్లో కోసి ఉంటే, అది శాస్త్రీయమైన కత్తిరింపు అయ్యేది. రెండవ దారిలో ఎండిన కొసను మాత్రమే కోసి, మిగిలిన గడను జూన్ కాపుకు ఉంచుతారు. ఆ కాపు కాగానే దానిని తీసివేస్తారు.

నేను మొదటి దారినే సిఫారసు చేస్తాను. రెండు కాపులు ఆశించినప్పుడు పాత గడలు వెలుతురునూ బలాన్నీ పంచుకోవడం వలన సెప్టెంబరు కాపు కొంత తగ్గుతుంది, దుబ్బు గుబురై పండు కోయడం కష్టమవుతుంది, తెగుళ్ళకు నీడ దొరుకుతుంది. జూన్‌లో పండ్లు కావాలని పిల్లలు అడిగితే, వేసవిలో కాచే రకం నాలుగు మొక్కలు వేరే వరుసలో నాటుకోవడం మేలు. నేలమట్టానికి కోసేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. అక్టోబరులో తొందరపడి కోయకండి. ఆకులు పూర్తిగా రాలేదాకా వేళ్ళకు ఆహారం చేరుతూనే ఉంటుంది, ఫిబ్రవరి చివర లేదా మార్చి మొదట్లో, కొత్త చిగురు కనబడక ముందు కోయడం సరైనది. అలాగే మోడు అంగుళం, రెండంగుళాలకు మించి మిగల్చకండి, ఎందుకంటే పొడవైన మోడు మీది కన్నుల నుంచి బలహీనమైన రెమ్మలు లేచి మొక్క శక్తిని వృథా చేస్తాయి.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలియక అడిగిన మరికొందరికి కూడా ఇక్కడే చెబుతున్నాను. ఒక్క ఏడాది ఏమీ కోయకుండా గమనించండి. ఆ వసంతంలో లేచిన పచ్చని గడ కొసన ఆగస్టు, సెప్టెంబరులలో పూత కనిపిస్తే అది ఆకురాలు కాలపు రకం. జూన్, జూలైలలో గోధుమ రంగు పాత గడల పక్క రెమ్మల మీద మాత్రమే కాస్తే అది వేసవి రకం. ఒక ఏడాది గుబురుగా ఉన్నంత మాత్రాన మొక్కకు ప్రమాదం లేదు.

ప్రశ్న: మా వారి ఉద్యోగం కోసం స్కాట్లండ్‌లోని డండీకి వచ్చాము. నగరంలో అద్దెకు ఇచ్చే తోట స్థలం ఒకటి దొరికింది. నేల తడిగా, బరువుగా ఉంటుంది. రాస్ప్‌బెర్రీ నాటాలంటే ఎలా మొదలుపెట్టాలి? మొదటి ఏడాది కత్తిరింపు ఉంటుందా?

జవాబు: అమ్మా, మీరు ఈ పండుకు పుట్టిల్లు వంటి చోటనే ఉన్నారు. టే నది లోయ, మీకు కొద్ది దూరంలోని బ్లెయిర్‌గౌరీ పట్టణం ఇరవయ్యవ శతాబ్దమంతా రాస్ప్‌బెర్రీ తోటలకు ప్రసిద్ధం. కోత కాలంలో నగరాల నుంచి కుటుంబాలు కుటుంబాలే పండ్లు కోయడానికి వెళ్ళేవి. మీ ఊరి అంచున ఇన్వర్‌గౌరీలో ఉన్న పరిశోధన సంస్థ ఇప్పుడు జేమ్స్ హట్టన్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో పనిచేస్తున్నది. పేరుకు ముందు గ్లెన్ అని ఉండే రకాలు అక్కడ పుట్టినవే. వాటిలో గ్లెన్ ఆంపుల్‌కు ముళ్ళు దాదాపు ఉండవు, కాపు బాగుంటుంది, కొత్తగా నాటేవారికి నచ్చుతుంది.

అయితే మీరు చెప్పిన తడి నేలే నన్ను కలవరపెడుతున్నది. నీరు నిలిచే నేలలో ఫైటోఫ్తొరా అనే వేరుకుళ్ళు తెగులు వస్తుంది, అది చేరిన తరువాత మందుతో పోదు. స్కాట్లండ్ రైతులలో చాలామంది ఈ తెగులు బాధకే నేలను వదిలి, పాలిథీన్ గుడారాల కింద కుండీలలో పెంచడానికి మారారు. అందుచేత అడుగు ఎత్తున మడి కట్టి, బాగా మాగిన కంపోస్టు కలిపి, ఆ మడి మీద నాటండి. ఉదజని సూచిక 6 నుంచి 6.5 లోపు ఉన్న, కొద్దిపాటి పులుపు నేల దీనికి ఇష్టం.

నవంబరు నుంచి మార్చి వరకు మట్టి లేకుండా వేళ్ళతో అమ్మే మొక్కలు దొరుకుతాయి. వాటిని తెగులు లేనివని ధ్రువీకరించిన నర్సరీ నుంచే కొనండి. కరివేపాకు పిలకలు ఇచ్చి పుచ్చుకున్నట్టు తెలిసినవారి దుబ్బు నుంచి పిలక తెచ్చుకోవడం మనకు అలవాటు, కాని రాస్ప్‌బెర్రీలో పేనుబంక ద్వారా వ్యాపించే వైరస్ తెగుళ్ళు పైకి కనిపించకుండానే ఆ పిలకతో పాటు మీ తోటలోకి వస్తాయి. మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్లు, వరుసకు వరుసకు 1.8 మీటర్లు విడిచి నాటండి. వేళ్ళను అయిదారు సెంటీమీటర్ల లోతుకు మించి పూడ్చకండి, ఎందుకంటే కొత్త గడలు వేళ్ళ మీది మొగ్గల నుంచే లేస్తాయి, లోతుగా పోతే అవి పైకి రాలేవు.

మొదటి కత్తిరింపు నాటిన రోజే ఉంటుంది. మీరు తెచ్చిన గడను నేల నుంచి 25 లేదా 30 సెంటీమీటర్ల ఎత్తున కోసివేయండి. డబ్బు పెట్టి కొన్న మొక్కను అలా కోయడానికి మనసు ఒప్పదు, తెలుసు. ఆ గడను పొడవుగా వదిలితే, వేళ్ళు పట్టని మొక్క రెండు మూడు పండ్ల కోసం అలసిపోతుంది. వసంతంలో నేలలోంచి కొత్త గడలు కనిపించగానే ఆ పాత మోడును కూడా తీసివేయండి. రెండు చివరల గట్టి రాటలు పాతి, సుమారు 75, 105, 160 సెంటీమీటర్ల ఎత్తున మూడు తీగలు లాగండి. మొదటి ఆకురాలు కాలంలో బలమైన గడలను తీగ పొడవునా పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కట్టి, మిగిలినవాటిని కోయండి. మీ ఊరి ఉత్తరపు గాలికి కట్టని గడలు మొదలు వద్ద ఒరుసుకుని గాయపడతాయి, ఆ గాయాలలోంచే గడ ఎండు తెగులు లోపలికి ప్రవేశిస్తుంది. కాబట్టి కట్టడాన్ని కత్తిరింపులో భాగంగానే భావించండి.

ప్రశ్న: షికాగో దగ్గర ఉంటాము. ప్రతి ఏటా వంకాయ, మిరప, టమాటా వేసే మడిలో రాస్ప్‌బెర్రీ నాటవచ్చా?

జవాబు: వద్దు. ఆ మూడింటికీ బంగాళాదుంపకూ వచ్చే వర్టిసిలియం అనే ఎండు తెగులు శిలీంధ్రం నేలలో ఏళ్ళ తరబడి నిలిచి ఉండి రాస్ప్‌బెర్రీకి పట్టుకుంటుంది. గత నాలుగేళ్ళలో వంగ జాతి కూరగాయలు వేయని చోటు చూసుకోండి. మన ఇళ్ళలో వంకాయ, మిరప లేని మడి దొరకడం అరుదు కనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ ప్రాంతపు చలికి గడల కొసలు ఎండడం సహజం. శీతాకాలం తీవ్రత తగ్గిన తరువాత, మార్చిలో, కన్నులు ఎక్కడిదాకా బ్రతికి ఉన్నాయో చూసి ఆ పైభాగాన్ని కోయండి.

ప్రశ్న: మిషిగన్‌లో ఉన్న మా పెరట్లో జూన్ నెలలో కొత్త గడల కొసలు తల వంచి వాడిపోయాయి. నీరు సరిగానే పెడుతున్నాము.

జవాబు: వాడిన చోటుకు కొంచెం కింద గడను చేతిలోకి తీసుకుని చూడండి. అర అంగుళం దూరంలో, గడ చుట్టూ గాటు పెట్టినట్టు రెండు వలయాలు కనిపిస్తే అది గడ తొలుచు పురుగు. నల్లని, పొడవాటి మీసాల పెంకు పురుగు ఆ రెండు గాట్ల మధ్య గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు గడ లోపల తొలుచుకుంటూ కిందికి దిగి, రెండవ శీతాకాలానికి మొదలును చేరుతుంది. వాడిన కొసను చూసిన రోజే, కింది వలయానికి ఆరంగుళాలు దిగువన కోసి, ఆ ముక్కను కాల్చివేయండి లేదా మూటకట్టి చెత్తబండికి ఇవ్వండి. కోసిన చోట గడ నడుమ రంధ్రం కనిపిస్తే, రంధ్రం లేని భాగం వచ్చేదాకా ఇంకొంచెం కిందికి కోయండి. మందు అవసరం లేదు. జూన్, జూలైలలో వారానికి ఒకసారి వరుస వెంట నడవడం చాలు.

ప్రశ్న: మేము శాకాహారులము. పండిన రాస్ప్‌బెర్రీలు కోసి దేవుడి దగ్గర పెడతాము. నిరుడు సెప్టెంబరులో ఒక పండులో తెల్లని సన్నని పురుగులు కనిపించేసరికి ఇంటిల్లిపాదీ తినడం మానేశాము. ఏ మందు చల్లాలి?

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. అది మచ్చరెక్కల పండు ఈగ పిల్ల. మామూలు పండు ఈగలు కుళ్ళిన పండును వెతుక్కుంటాయి, ఈ జాతి ఈగ మాత్రం రంపపు పళ్ళ వంటి తన గుడ్లగొట్టంతో, మొక్క మీద ఉండగానే, పండబోయే పండును గుచ్చి గుడ్డు పెడుతుంది. జపాన్‌లో 1931లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. అమెరికా ప్రధాన భూభాగంలో 2008లో కాలిఫోర్నియాలో మొదట కనిపించి, కొద్ది ఏళ్ళలోనే దేశమంతటా వ్యాపించింది. వేసవి చివరకు వీటి సంఖ్య పెరుగుతుంది కనుక ఆకురాలు కాలపు రకాలకే దెబ్బ ఎక్కువ.

పూత, కాయ, పండు ఒకే గడ మీద కలిసి ఉండే మొక్క ఇది. మందు చల్లితే తేనెటీగలు చనిపోతాయి, రేపు మీరు కోయబోయే పండు మీద మందు మిగులుతుంది. ఇంటి పెరటికి నేను మందు చెప్పను. ఈగకు నీడ, తేమ ఇష్టం. అందుచేత వరుసను అడుగు, అడుగున్నర వెడల్పుకు మించనీయకుండా, గడలను పలుచగా ఉంచి, గాలీ ఎండా దుబ్బు మధ్యకు చేరేటట్టు చేయడం మొదటి రక్షణ. పైనుంచి నీళ్ళు చల్లకుండా డ్రిప్ పెట్టండి. పండ్లను ప్రతిరోజూ, కనీసం రెండు రోజులకొకసారి, ఉదయమే పూర్తిగా కోయండి. మెత్తబడినవీ నేల రాలినవీ ఏరి, మూత ఉన్న సంచిలో వేసి ఎండలో ఉంచండి, తోటలో వదలకండి. కోసిన పండ్లు వెంటనే ఫ్రిజ్‌లో పెడితే గుడ్డు పొదగడం ఆగుతుంది. సందేహం తీర్చుకోవాలంటే నాలుగు కప్పుల నీటిలో పావు కప్పు ఉప్పు కలిపి, గుప్పెడు పండ్లను పావుగంట ఉంచండి. పురుగు ఉంటే పైకి వస్తుంది. నైవేద్యానికి కావాలంటే జూలైలో ముందుగా పండే వేసవి రకం నాటుకోండి, ఆ తొలి పండ్లకు ఈ ఈగ బెడద చాలా తక్కువ.

ప్రశ్న: ఒహాయోలోని మా ఇంట్లో ఉన్నవి నల్లని పండ్లు. ఇవి బ్లాక్‌బెర్రీలా, రాస్ప్‌బెర్రీలా? గడలు విల్లులా వంగి నేలను తాకి మళ్ళీ వేళ్ళు వేస్తున్నాయి.

జవాబు: పండును కోసి చూడండి. మధ్య తెల్లని గుజ్జు తొడిమతో మొక్క మీదనే నిలిచిపోయి, పండు లోపల బోలుగా టోపీలా వస్తే అది నల్ల రాస్ప్‌బెర్రీ. మీరు చెప్పిన వంగే గడలను బట్టి కూడా అదే అనిపిస్తున్నది. ఎర్ర రాస్ప్‌బెర్రీ వేళ్ళ మీది నుంచి కరివేపాకు లాగా దూరదూరంగా పిలకలు వేస్తుంది. నల్లనిది దుబ్బు మొదటి నుంచే గడలు లేపి, వాటి కొసలను నేలకు దించి కొత్త మొక్కలు చేసుకుంటుంది.

కత్తిరింపులోనూ తేడా ఉంది. ఎర్రదానికి వేసవిలో కొస తుంచకూడదు, తుంచితే బలహీనమైన కొమ్మలు వస్తాయి. నల్లదానికి తప్పనిసరిగా తుంచాలి. కొత్త గడ రెండు, రెండున్నర అడుగుల ఎత్తుకు చేరగానే పై మూడు నాలుగు అంగుళాలు తుంచివేస్తే, అది పక్క కొమ్మలు వేసి గట్టిపడుతుంది. పండ్లు ఆ పక్క కొమ్మల మీదనే కాస్తాయి. అన్ని గడలూ ఒకేసారి ఆ ఎత్తుకు రావు కనుక మే, జూన్, జూలైలలో మూడు నాలుగు సార్లు చూడాలి. వాన లేని పొడి రోజున తుంచండి, తడిసిన గాయంలోంచి తెగులు ప్రవేశిస్తుంది. శీతాకాలం చివరలో దుబ్బుకు అయిదారు బలమైన గడలు ఉంచి, పక్క కొమ్మలను అడుగు, అడుగున్నర పొడవుకు కోయండి. కాచిన గడను తీసివేయడం మాత్రం ఎర్రదానికి చెప్పినట్టే.

ప్రశ్న: డాలస్‌లో మా ఇంట్లో మూడుసార్లు నాటాము, మూడుసార్లూ జూలైలో మాడిపోయాయి. హైదరాబాదులో మా చెల్లెలు కుండీలో పెంచాలనుకుంటున్నది.

జవాబు: ఎర్ర రాస్ప్‌బెర్రీకి శీతాకాలంలో వందల గంటల చలి, వేసవిలో చల్లని రాత్రులు కావాలి. మీ ఊరి జూలైలో అవి దొరకవు. మీ చెల్లెలిగారి ఊరిలో రెండూ దొరకవు. టెక్సాస్‌లో తట్టుకునే రకాలలో డార్మన్ రెడ్ ఒకటి. మిసిసిపీలో 1972లో విడుదలైంది. దాని గడలు తీగలా పాకుతాయి కనుక పందిరి కావాలి, కాపు రెండవ ఏటి గడల మీదనే, రుచి మాత్రం చప్పన. పచ్చిగా తినడానికైతే మీ నేలలో బ్లాక్‌బెర్రీ చక్కగా పండుతుంది. చెల్లెలిగారికి నా సలహా, ఆ కుండీలో మల్లె నాటుకోమని.

ప్రశ్న: కోసిన గడలను ఏం చేయాలి? ముళ్ళతో ఉన్న ఈ కట్టెలు కంపోస్టులో కుళ్ళడం లేదు.

జవాబు: మచ్చలు, పుండ్లు, తొలుచు పురుగు ఉన్న గడలను తోటలో ఉంచకుండా ఊరి నిబంధనల ప్రకారం కాల్చండి లేదా బయటకు పంపండి. అటువంటివి కోసిన సికేచర్‌ను, అంటే కొమ్మలు కోసే కత్తెరను, ఆరోగ్యంగా ఉన్న దుబ్బుకు వెళ్ళే ముందు 70 శాతం ఆల్కహాలుతో తుడవండి. ఆరోగ్యమైన గడలను కంపోస్టు కుప్పలో వేయాలంటే చిన్న ముక్కలు చేయాలి, అది చేతులకు శ్రమ. ఇంకొక మంచి వినియోగం ఉంది. గడ నడుమ మెత్తని బెండు ఉంటుంది. సన్నని వడ్రంగి తేనెటీగలు కోసిన గడ చివర నుంచి ఆ బెండును తొలుచుకుని లోపల గూడు కట్టుకుంటాయి, రాస్ప్‌బెర్రీ పూలను పరాగసంపర్కం చేసేవాటిలో ఇవీ ఉన్నాయి. పండులోని ఒక్కొక్క చిన్న గింజ గుండ్రానికీ పరాగం అందకపోతే పండు వంకరగా, పొడిపొడిగా విడిపోతుంది. అందుచేత తెగులు లేని గడలను అడుగున్నర ముక్కలుగా కోసి, పది పదిహేను కలిపి కట్టగట్టి, మీ వరుసకు కొంత దూరంలో, వాన తగలని గోడ వారగా కంచెకు వేలాడదీయండి. ఏప్రిల్, మే నెలలలో వాటి చివరల నుంచి సన్నని రంపపు పొట్టు రాలడం కనిపిస్తే, ఆ కట్టను మరుసటి వసంతం దాకా కదపకండి.